పరదేశపు ద్రవ్యము - స్వదేశపు మిల్లు

గోనెసంచి లేని రైతు ఇల్లు మన దేశమున అరుదు. కళ్ళమునుండి ధాన్యము ఇంటికి చేరవలెనన్నను, మిరపకాయలు సంతకు పోవలెనన్నను, తరతరములుగా గోనెసంచియే ఆధారము. ఆ సంచి ధరను ఎవరు నిర్ణయింతురని అడిగినచో, నార పండించిన రైతు, సంచి నేసిన మిల్లు, దానిని అమ్మిన వర్తకుడు అని ఎవరైనను చెప్పుదురు. ఆ సమాధానము తప్పు కాదు గాని, సంపూర్ణము కాదు.

1949 సెప్టెంబరు 18 వ తేదీ ఆదివారమునాడు బ్రిటిషు ఆర్థికమంత్రి సర్ స్టాఫర్డ్ క్రిప్స్ లండనునుండి రేడియోలో ఒక ప్రకటన చేసెను. అందులో గోనెసంచి ప్రసక్తి లేదు. భారతదేశపు మిల్లుల ప్రసక్తి లేదు. అయినను కొలది వారములలో హుగ్లీ నదీతీరమునందలి జనపనార మిల్లులకు రావలసిన ముడిసరుకు సరిహద్దునకు ఆవలనే నిలిచిపోయెను. ఎచ్చటనో ఒక దేశపు ద్రవ్యమునకు కలిగిన కష్టము మరియొక దేశపు కంపెనీని, అందలి కూలివానిని, దానికి సరుకునిచ్చు రైతును ఎట్లు బాధించునో తెలిసికొనుటకు ఈ కథ మిక్కిలి అనువైనది. కావున దానిని ఇచ్చట క్రమముగా వివరింతుము.

మారకపు రేటు అనగా నేమి?

మన రూపాయి మన దేశమున చెల్లును గాని అమెరికాలో చెల్లదు. అమెరికా వర్తకుని వద్ద యంత్రమును కొనదలచినవాడు ముందుగా రూపాయలిచ్చి డాలర్లను కొనవలెను. ఒక డాలరునకు ఎన్ని రూపాయలీయవలెనో తెలుపునదే మారకపు రేటు. బియ్యమునకు ధర యున్నట్లే పరదేశపు ద్రవ్యమునకును ధర యున్నదని గ్రహించినచో చాలును.

నేడు మన రూపాయి ధర దినదినమును బజారులో మారుచుండును. 1993 నుండి ఇదియే పద్ధతి. 1949 లో అట్లు కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి ఏర్పడిన అంతర్జాతీయ ద్రవ్యనిధి నియమముల ప్రకారము ప్రతి దేశమును తన ద్రవ్యమునకు స్థిరమైన రేటు నొకదానిని ప్రకటించి, దానిని నిలుపుకొనవలసియుండెను. ఆనాడు ఒక డాలరు సుమారు 3 రూపాయల 30 పైసలకు సమానము. ఒక రూపాయి బ్రిటిషు ద్రవ్యములో 1 షిల్లింగు 6 పెన్నీలకు సమానము. ఒక పౌను 4 డాలర్ల 3 సెంట్లకు సమానము.

స్థిరమైన రేటువలన వర్తకులకు నిశ్చింత కలుగును. కాని దానిని నిలుపుటకు ప్రభుత్వము వద్ద బంగారము, డాలర్లు తగినంత నిల్వ యుండవలెను. నిల్వ తరిగినకొలదిని ఆ రేటు నిలువదను అనుమానము ప్రజలలో ప్రబలును. అనుమానము ప్రబలినకొలదిని నిల్వ మరింత వేగముగా తరుగును. గట్టు తెగబోవుచున్నదని వినిన ప్రతి రైతును తన పొలమునకే ముందుగా నీరు మళ్ళించుకొనజూచినచో చెరువు ఎంతసేపు నిలుచును? ద్రవ్యసంక్షోభమను పెద్దమాటకు అర్థమిదియే.

లండనులో జరిగినదేమి?

యుద్ధము బ్రిటనును అప్పులలో ముంచివేసెను. అమెరికా, కెనడాలకే గాక మన దేశమునకును బ్రిటను ఋణపడియుండెను. యుద్ధకాలమున మన దేశమునుండి తీసికొనిన సరుకులకును సేవలకును రొక్కము చెల్లింపక లండనులో పద్దు వ్రాసియుంచిన ఆ మొత్తమునే స్టెర్లింగు నిల్వలనిరి. మన దేశము, సింహళము, బర్మా, ఆస్ట్రేలియా మొదలగు దేశములు తమ విదేశ ద్రవ్యమును లండనునందే దాచుకొని, అవసరమైనప్పుడు అచ్చటినుండియే డాలర్లను పొందుచుండెడివి. ఈ కూటమికే స్టెర్లింగు మండలమని పేరు.

1949 లో అమెరికాలో వ్యాపారము మందగించెను. అచ్చటివారు ఈ మండలమునుండి కొను సరుకు తగ్గెను. రావలసిన డాలర్లు రాకపోవుటచే లండను ఖజానా కరగసాగెను. జూలైలో ఈ దేశముల ఆర్థికమంత్రులు లండనులో సమావేశమై, డాలరు దేశములనుండి కొనుగోళ్ళను నాలుగవవంతు తగ్గించుకొనుటకు నిశ్చయించిరి. అదియును చాలలేదు. సెప్టెంబరు 18 న పౌను విలువను 4 డాలర్ల 3 సెంట్లనుండి 2 డాలర్ల 80 సెంట్లకు తగ్గించిరి. నూటికి ముప్పది వంతులకు మించిన తగ్గుదల అది.

మన ప్రభుత్వము సత్వరమే నిర్ణయము తీసికొనవలసివచ్చెను. మన ఎగుమతులలో అధికభాగము స్టెర్లింగు దేశములకే పోవుచుండెను. పౌను తగ్గి రూపాయి తగ్గనిచో మన సరుకు ఆ దేశములలో ప్రియమై అమ్ముడుపోదు. కావున రూపాయిని కూడ అదే నిష్పత్తిలో తగ్గించిరి. డాలరు 3 రూపాయల 30 పైసలనుండి 4 రూపాయల 76 పైసలకు పెరిగెను. పౌనుతో మన రేటు మాత్రము మారలేదు. స్టెర్లింగు మండలములోని దేశములన్నియు ఇట్లే చేసినవి. ఒక్క పాకిస్తాను మాత్రము తన రూపాయిని తగ్గింపబోనని ప్రకటించెను.

అణా లేని రూపాయి, అర్ధరూపాయి చేరిన రూపాయి

అంతవరకు రెండు దేశముల రూపాయలును సమానములు. దేశవిభజన జరిగి రెండు సంవత్సరములే అయినందున అవి వేరు వేరు ద్రవ్యములను భావమే ప్రజలలో సరిగా కుదురుకొనలేదు. ఇప్పుడు నూరు పాకిస్తాను రూపాయలకు 144 భారత రూపాయలీయవలెనని పాకిస్తాను వాదన. ఈ రేటును మన ప్రభుత్వము అంగీకరింపలేదు.

ఇందువలన ఎక్కువ నష్టము కలిగినది జనపనార పరిశ్రమకు. విభజనలో ఈ పరిశ్రమ నడిమికి చీలిపోయెను. నూటికి పైబడిన మిల్లులు దాదాపు అన్నియు కలకత్తా చుట్టుప్రక్కల హుగ్లీ తీరమున మన దేశములో నిలిచినవి. వానికి కావలసిన నారలో సుమారు ముప్పాతికవంతు పండు పొలములు తూర్పు బెంగాలులో, అనగా నాటి పాకిస్తానులో ఉండిపోయినవి. మగ్గము ఒక దేశములో, నార ఒక దేశములో. ఈ మిల్లులలో సుమారు మూడు లక్షలమంది కార్మికులు పనిచేయుచుండిరి. మన దేశమునకు డాలర్లను తెచ్చు ఎగుమతులలో గోనెవస్త్రమునకు అగ్రస్థానముండెను.

మిల్లు లెక్కను ఒకసారి చూడుడు. ఒక బేలు నార ధర 100 పాకిస్తాను రూపాయలని అనుకొందము. విలువ తగ్గింపునకు పూర్వము మిల్లుయజమానికి అది 100 రూపాయలకే లభించును. తరువాత 144 రూపాయలగును. రైతు ఒక్క అణా అధికముగా అడుగలేదు. పంట తగ్గలేదు. పడవల కిరాయి పెరుగలేదు. అయినను ముడిసరుకు ఖర్చు 44 రూపాయలు పెరిగెను.

మరియొక ప్రక్కనుండి చూచినచో, అదే మిల్లు అమెరికాలో 100 డాలర్లకు గోనెవస్త్రమును అమ్మినపుడు పూర్వము 330 రూపాయలు వచ్చుచుండెను. ఇప్పుడు 476 రూపాయలు వచ్చును. ఈ విధముగా చూచినచో అమెరికాకు అమ్ము మిల్లునకు నష్టము లేదు గదా అని పాఠకులకు సందేహము కలుగవచ్చును. సందేహము సరియైనదే. కాని మిల్లులు అమెరికాకు మాత్రమే అమ్ముట లేదు. ఆస్ట్రేలియా గోధుమరైతునకు, బర్మా బియ్యపు వర్తకునకు, మన దేశపు రైతునకు కూడ అమ్ముచున్నవి. ఆ బజారులలో వచ్చు సొమ్ము పెరుగలేదు. ముడిసరుకు ఖర్చు మాత్రము అన్ని సంచులకును పెరిగెను. పైగా అమెరికాలో వచ్చు అదనపు లాభమునందు కొంత ప్రభుత్వమునకు చేరవలెనని గోనెవస్త్రముపై ఎగుమతి సుంకమును హెచ్చించిరి. ఈ విధముగా ఒకే సంఘటన ఒకే కంపెనీకి ఒక బజారులో లాభమును, మరియొక బజారులో నష్టమును కలిగించినది.

రేటు లేనిచోట వర్తకము లేదు

ధర హెచ్చుటకంటె గొప్ప కష్టము వేరొకటి వచ్చిపడెను. మన ప్రభుత్వము అంగీకరించు రేటు ఒకటి, పాకిస్తాను కోరు రేటు మరియొకటి. రేటు తేలనిదే బ్యాంకులు సొమ్ము పంపజాలవు. సొమ్ము రానిదే అమ్మువాడు సరుకు పంపడు. ధర ఎక్కువైనను కొనదలచిన మిల్లునకు సైతము కొను మార్గము మూసికొనిపోయెను. కంపెనీకి హెచ్చుధరకంటె అనిశ్చితియే ప్రమాదకరమను సత్యము ఇచ్చట స్పష్టమగుచున్నది. హెచ్చుధరను లెక్కవేసికొని ఏదో ఒక ఉపాయము చేయవచ్చును. ధరయే తెలియనపుడు లెక్క ఎట్లు వేయుట?

వివాదము నానాటికి ముదిరెను. అస్సామునుండి తూర్పు బెంగాలు నదులమీదుగా కలకత్తాకు వచ్చుచున్న నార కూడ మార్గమధ్యమున నిలిచిపోయెను. ప్రతిగా మన దేశమునుండి పాకిస్తానునకు బొగ్గు పంపుట ఆపివేయబడెను. అస్సామును మన భూమిమీదుగానే తక్కిన దేశముతో కలుపు రైలుమార్గము 1950 జనవరినాటికి సిద్ధమగుటచే ఆ ప్రాంతపు సరుకునకు మరియొక దారి ఏర్పడెను. నార చాలని మిల్లులు పని గంటలను తగ్గించుకొని కాలము గడపవలసివచ్చెను. పని గంట తగ్గినచోట కూలి తగ్గును. పౌను అను పేరునైన ఎరుగని కూలివాని ఇంట పొయ్యిమీద ఆ లోటు కనబడెను.

సరిహద్దునకు ఆవలియొడ్డున కూడ సుఖము లేదు. తన రూపాయి విలువ నిలుపుకొనినంత మాత్రమున తూర్పు బెంగాలు రైతునకు లాభము కలుగలేదు. కొను మిల్లు ఆవలియొడ్డున మూతపడియుండగా పంట ఎవరికమ్మవలెను? రైతువద్ద నిలిచిపోయిన నారను కొనుటకై సొమ్ము సమకూర్చుటకే 1949 నవంబరులో నేషనల్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాను అను సంస్థను హుటాహుటిగా స్థాపించిరి.

1950 ఏప్రిలులో పరిమితమైన ఒప్పందమొకటి కుదిరి కొంత నార రాసాగెను. జూన్ నెలలో కొరియా యుద్ధము ప్రారంభము కాగా ప్రపంచమంతట నారకు, గోనెకు గిరాకీ మితిమీరి పెరిగెను. తుదకు 1951 ఫిబ్రవరిలో మన ప్రభుత్వము పాకిస్తాను రేటును అంగీకరించుటతో వర్తకము తిరిగి సాగెను. 1955 లో పాకిస్తాను కూడ తన రూపాయిని తగ్గించుకొని మన రూపాయితో సమానము చేసికొనెను. ఆరు సంవత్సరముల తరువాత రెండును మరల ఒకచోటికే చేరినవి. కాని ఈలోపల పరిశ్రమ స్వరూపమే మారిపోయెను.

పొలములలో వచ్చిన మార్పు

ఒకసారి దెబ్బతినిన కంపెనీ మరల అదే దారిని నడువదు. నారకై పొరుగుదేశముపై ఆధారపడరాదని మన ప్రభుత్వము నిశ్చయించి పశ్చిమ బెంగాలు, అస్సాము, బీహారు, ఒరిస్సా రాష్ట్రములలో జనపనార సాగును విస్తరింపజేసెను. 1947-48 లో సుమారు 17 లక్షల బేళ్ళుగా నున్న పంట 1950-51 నాటికి 33 లక్షల బేళ్ళకు చేరెను. మూడేండ్లలో పంట దాదాపు రెండింతలైనదన్నమాట. ఇందుకు మూల్యము చెల్లింపక పోలేదు. వరి పండు భూములు కొన్ని నారకు మళ్ళినవి. ఆహారధాన్యములకు కరవుగా నున్న ఆ దినములలో ఇది సామాన్యమైన త్యాగము కాదు.

పాకిస్తాను కూడ తన నారకు తానే మగ్గములు నిలుపదలచెను. నారాయణగంజిలో స్థాపింపబడిన ఆదంజీ మిల్లు 1951 లో పని ప్రారంభించి, క్రమముగా ప్రపంచములో కెల్ల పెద్దదైన జనపనార మిల్లుగా పేరొందెను. అనగా ఒకనాడు మనకు నార అమ్మినవారు తరువాత గోనెసంచుల బజారులో మనకు పోటీదారులైరి. ఆ మిల్లు 2002 లో మూతపడెను. ద్రవ్యసంక్షోభము కొలది నెలలే నిలిచినను, దానివలన పుట్టిన పోటీ తరములు నిలిచినది.

మన ప్రాంతమునకు ఈ కథతో నిజమైన సంబంధమొకటి కలదు. విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో గోగుపంట ప్రాచీనమైనది. ఈ గోగునార భీమునిపట్టణము రేవునుండి పరదేశములకు పోయినందున ప్రపంచపు బజారులలో దానికి బిమ్లిపటం జూటు అను పేరే స్థిరపడెను. మన తీరమునందలి ఒక చిన్న రేవు పేరు లండను వర్తకుల పద్దులలో నార పేరుగా నిలిచినదన్నమాట. చిట్టివలస, నెల్లిమర్ల, ఏలూరు మొదలగుచోట్ల మిల్లులు వెలసినవి.

గోగునార జనపనారయంత నాణ్యమైనది కాదు. కాని ముతకసంచులకు జనపనారతో కలిపి వాడుటకు పనికివచ్చును. మంచి నార కొరతగా నున్నపుడు మిల్లులు గోగునారకై చూచును. మంచి నార చవుకగా దొరకినపుడు దానిని ప్రక్కకు నెట్టును. అందువలన తొలకరి వానలకు గోగు విత్తి, కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేసి, మోకాలిలోతు మురుగునీటిలో నిలిచి నార తీయు ఉత్తరాంధ్ర రైతునకు లభించు ధర, అతడు చేసిన కష్టముపై మాత్రమే ఆధారపడి లేదు. కొరియా యుద్ధపు గిరాకీ తగ్గి 1952 నాటికి నార ధరలు ప్రపంచమంతట పడిపోయినవి. పెరిగిన ధరను చూచి సాగును విస్తరించిన రైతు, ధర పడిపోవునప్పటికి పంటను చేతిలో పెట్టుకొనియుండుట ఇట్టి ఉపద్రవములలో సామాన్యముగా కనిపించు విషాదము.

అప్పు అను మరియొక మార్గము

1949 లో మన మిల్లులను తాకినది ముడిసరుకు మార్గమున. ఆనాటి మిల్లులకు డాలర్లలో చెప్పుకొనదగిన అప్పులు లేవు. అప్పుమార్గమున సంక్షోభము కంపెనీలలో ప్రవేశించినచో ఏమగునో 1997 లో తూర్పు ఆసియా దేశములు చూచినవి.

థాయిలాండు దేశపు ద్రవ్యము బాట్. చాలకాలము డాలరునకు సుమారు 25 బాట్లు. రేటు కదలదను నమ్మకముతో అచ్చటి కంపెనీలు తక్కువ వడ్డీకి దొరకు డాలర్ల అప్పును తెచ్చి ఇండ్లు, కార్యాలయ భవనములు, కర్మాగారములు నిర్మించినవి. 1997 నాటికి ఆ భవనములు అనేకము ఖాళీగా నిలిచినవి. అనుమానము ప్రబలెను. ప్రభుత్వము తన నిల్వలను ఖర్చుపెట్టి రేటును నిలుపజూచి, తుదకు జూలై 2 వ తేదీన చేతులెత్తివేసెను. 1998 జనవరినాటికి డాలరు 50 బాట్లను మించిపోయెను. 1997 డిసెంబరులో 56 ఫైనాన్సు కంపెనీలను ప్రభుత్వము శాశ్వతముగా మూసివేసెను.

ఈ వ్యాధి ఇండోనేషియాకు ప్రాకెను. 1997 వేసవిలో డాలరునకు సుమారు 2,400 రూపయ్యలుండగా 1998 జనవరిలో 10,000 దాటెను. జకార్తా నగరములో టాక్సీలు, బస్సులు నడుపు స్టెడీ సేఫ్ అను కంపెనీ యొకటి హాంగ్‌కాంగులోని పెరిగ్రిన్ అను పెట్టుబడి సంస్థవద్ద సుమారు 26 కోట్ల డాలర్లు తీసికొనియుండెను. టాక్సీ ఎక్కినవాడు ఇచ్చునది రూపయ్యలు. తీర్పవలసిన అప్పు డాలర్లు. కోటి డాలర్ల అప్పునకు పూర్వము 2,400 కోట్ల రూపయ్యలు చాలును. కొన్ని నెలలలో అదే అప్పునకు 10,000 కోట్ల రూపయ్యలు కావలెను. టాక్సీ అద్దె నాలుగింతలు చేసినచో ఎక్కువాడుండడు. కంపెనీ అప్పు తీర్పలేకపోయెను. అప్పిచ్చిన పెరిగ్రిన్ సంస్థ 1998 జనవరిలో కూలిపోయెను. ఆ టాక్సీలు సరిగా నడుచుచునే యున్నవి. డ్రైవర్లు పనిచేయుచునే యున్నారు. దోషము బండిలో లేదు. దోషము పద్దులో నున్నది.

దక్షిణకొరియాలో కూడ పెద్ద సంస్థలు తమ మూలధనమునకు నాలుగైదింతలు అప్పులతో నడుచుచుండెను. 1997 నవంబరులో ఆ దేశము అంతర్జాతీయ ద్రవ్యనిధి సహాయమును కోరవలసివచ్చెను. 1998 ఆరంభమున అచ్చటి ప్రజలు లక్షలకొలది తమ ఉంగరములను, గొలుసులను దేశపు అప్పు తీర్చుటకై సమర్పించి 200 టన్నులకు మించిన బంగారమును ప్రోగుచేసిరి. 2001 ఆగస్టునాటికి ద్రవ్యనిధి ఋణము పూర్తిగా తీరెను. కంపెనీలు తెచ్చిన అప్పునకు పెండ్లినాటి ఉంగరము బదులుచెప్పవలసివచ్చిన వైనము ప్రపంచమునకంతటికి పాఠమైనది.

ఆ సంవత్సరములలో మన రూపాయి కూడ డాలరునకు సుమారు 36 నుండి 42 కు దిగజారెను. అయినను మన కంపెనీలు అంతటి విపత్తున పడలేదు. స్వల్పకాలములో తీర్పవలసిన పరదేశపు అప్పు మన దేశమునకు తక్కువగా నుండుటయు, అట్టి అప్పులపై రిజర్వు బ్యాంకు నియంత్రణ యుండుటయు అందుకు ముఖ్యకారణములు.

మన ఊరివరకు

ఈ విషయము కలకత్తా, జకార్తాలకు పరిమితమని తలపరాదు. మన తీరప్రాంతపు రొయ్యల చెరువును చూడుడు. 1990 దశకములో మన రొయ్యలను అధికముగా కొనుచుండినది జపాను. అమ్మకము డాలర్లలో జరుగును. 1995 ఏప్రిలులో డాలరునకు సుమారు 80 యెన్లు. 1998 ఆగస్టులో సుమారు 147 యెన్లు. 10 డాలర్ల సరుకునకు జపాను వర్తకుడు పూర్వము 800 యెన్లిచ్చును. తరువాత 1,470 యెన్లీయవలెను. తన ఊరిలో అంత ధరకు అమ్మలేనివాడు డాలరు ధరను తగ్గింపుమని మన ఎగుమతి కంపెనీని కోరును. కంపెనీ ఆ భారములో కొంత చెరువు రైతుపై మోపును. అదే సమయమున బాట్ విలువ తగ్గిన థాయిలాండు వర్తకుడు తన రొయ్యలను తక్కువ డాలర్లకు అమ్మగలడు. ఇది పోటీమార్గము.

ఆయిల్‌పామ్ తోటల రైతునకు గెలల ధర ముడినూనె ధరపై ఆధారపడును. ఆ నూనె ధర మలేషియా, ఇండోనేషియాల బజారులలో రూపొందును. ఆ దేశముల ద్రవ్యము పడిపోయినచో నూనె చవుకగా వచ్చి మన రైతును దెబ్బతీయునని తోచును. కాని 1998 లో ఇండోనేషియా తన ప్రజలకు నూనె చాలదని ఎగుమతులను నిర్బంధించెను. సంక్షోభము ఎల్లప్పుడును ఒకే దిశలో పనిచేయదనుటకు ఇది నిదర్శనము.

బాకీ రాకపోవుట మరియొక మార్గము. 2022 ఏప్రిలులో శ్రీలంక ప్రభుత్వము పరదేశపు అప్పులను తీర్పలేమని ప్రకటించెను. డాలర్లు లేని దేశమునకు సరుకు పంపిన వర్తకుడు, కొనినవాడు ఎంత నిజాయితీపరుడైనను, సొమ్మునకై వేచియుండవలసినదే. అతనివద్ద తన దేశపు రూపాయలుండవచ్చును. వానిని మార్చుకొనుటకు బ్యాంకులో డాలరుండదు.

గ్రహింపవలసిన విషయములు

పై వృత్తాంతములనుండి కంపెనీలును, సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంస్థలును గ్రహింపదగిన విషయములను సంగ్రహముగా చెప్పుదుము.

1. ఆదాయము ఏ ద్రవ్యములో వచ్చునో అప్పును ఆ ద్రవ్యములోనే చేయుట క్షేమము. డాలరు అప్పునకు వడ్డీ తక్కువని మాత్రమే చూడరాదు. రేటు మారినచో అసలు ఎంతకు పెరుగునో ముందుగా లెక్కవేయవలెను.

2. ముడిసరుకునకుగాని అమ్మకమునకుగాని ఒకే దేశమును నమ్ముకొనరాదు. హుగ్లీ మిల్లులకు నార మరియొకచోట లభించియున్నచో పని గంటలను అంతగా తగ్గింపవలసివచ్చెడిది కాదు.

3. మూడు నెలల తరువాత రావలసిన డాలర్లకు నేడే రేటు నిర్ణయించుకొను ముందస్తు ఒప్పందములను బ్యాంకులు చేయుచున్నవి. ఇందుకు కొంత ఖర్చగును. పంటకు భీమా చేయించుటకును ఖర్చగును గదా.

4. ఎగుమతి కంపెనీతో ఒప్పందము చేసికొను రైతులు ధర రూపాయలలో నిర్ణయమైనదా, లేక డాలరు రేటుననుసరించి మారునా యని విచారింపవలెను. రేటు పడినపుడు నష్టములో పాలుపొందువాడు రేటు పెరిగినపుడు లాభములోను పాలుపొందుట న్యాయము.

5. ఒక సంవత్సరపు హెచ్చుధరను చూచి ఉన్న భూమినంతను ఒకే పంటకు మళ్ళింపరాదు. ఆ ధర మన నేలవలన వచ్చినదా, పరదేశపు కల్లోలమువలన వచ్చినదా యని యోచింపవలెను. కల్లోలమువలన వచ్చినది కల్లోలముతోనే పోవును.

పరదేశముల ద్రవ్యము పెరుగుట, తరుగుట మన చేతిలో లేవు. వానయు మన చేతిలో లేదు. అయినను రైతు వానను గూర్చి తెలిసికొనుటను మానలేదు. కార్తెను చూచి విత్తును, గట్టును చూచి నీరు పెట్టును, ఎండకాలమునకై చెరువు నింపుకొనును. మారకపు రేటు విషయమునను ఇట్టి జాగరూకతయే కావలెను. దూరదేశపు వార్త పత్రికలో చదివినపుడు, మన సంఘము ఎవరికి అమ్ముచున్నది, ఎవరివద్ద కొనుచున్నది, ఏ ద్రవ్యములో ఋణపడియున్నది అను మూడు ప్రశ్నలను వేసికొనుడు. ఈ మూడింటికి సమాధానము పద్దులలో స్పష్టముగా నున్న సంస్థలో కార్మికుని కూలియు, రైతు కష్టఫలమును చాలవరకు భద్రముగా నుండును.